సిలిండర్ ఫోనోగ్రాఫ్‌కు కొత్త బెల్ట్ వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్ప్రింగ్ బాగుంది, గేర్లు బాగున్నాయి, పాట రికార్డై ఉన్న సిలిండర్ మీద ఒక్క గీత కూడా లేదు. అయినా పాట మధ్యలో గాయకుడి గొంతు నిద్ర ముంచుకొచ్చినట్టు సాగిపోతుంది. చాలాసార్లు దీనికి కారణం వేలెడు వెడల్పు కూడా లేని ఒక తోలు పట్టీ. దాన్ని మార్చడం ఒక సాయంత్రం పని. అయితే ఆ సాయంత్రంలో ఎక్కువ భాగం అతుకు దగ్గరే గడుస్తుంది. కింది జవాబుల్లో కూడా ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఈ బెల్ట్ ఎక్కడ ఉంటుంది? ఏం పని చేస్తుంది?

స్ప్రింగ్ మోటారు పెట్టె లోపల, బెడ్‌ప్లేట్ అనే ఇనుప పలక కింద ఉంటుంది. సిలిండర్‌ను తొడిగే మాండ్రెల్ ఆ పలక పైన ఉంటుంది. మోటారు పుల్లీ నుంచి మాండ్రెల్ పుల్లీకి, పలకలో ఉన్న సందుగుండా, తిరుగుడును చేరవేసేదే బెల్ట్. ఎడిసన్ యంత్రాల్లో రీప్రొడ్యూసర్‌ను, అంటే సూదితో గాడిని చదివి పాట వినిపించే భాగాన్ని, ముందుకు నడిపించేది సిలిండర్ మీది గాడి కాదు, ఫీడ్ స్క్రూ. ఆ స్క్రూ తిరగడానికీ ఈ బెల్టే ఆధారం. అంటే ఇది జారితే శృతీ తప్పుతుంది, రీప్రొడ్యూసర్ నడకా తప్పుతుంది.

అన్ని సిలిండర్ యంత్రాలకూ బెల్ట్ ఉంటుందా?

ఉండదు. ఎడిసన్ స్టాండర్డ్, హోమ్, ట్రయంఫ్ లాంటి వాటికి తోలు బెల్ట్ ఉంటుంది. 1915లో వచ్చిన ఆంబెరోలా 30 కూడా బెల్ట్ యంత్రమే. చిన్న జెమ్ మోడల్‌లో మాత్రం గేర్ల ద్వారానే మాండ్రెల్ తిరుగుతుంది, బెల్ట్ ఊసే లేదు. జెమ్ ఉన్నవాళ్లు కొందరు 'నా యంత్రంలో బెల్ట్ ఎవరో తీసేశారు' అని కంగారు పడుతుంటారు. తీయడానికి అక్కడ ఏమీ లేదు.

పాడైంది బెల్టే అని ఎలా తెలుస్తుంది?

తెగి కింద పడి ఉంటే అనుమానమే లేదు. తెగకుండా సతాయించే బెల్ట్‌తోనే చిక్కు. లక్షణాన్ని బట్టి చూడండి.

పాట బిగ్గరగా ఉన్న చోట మాత్రమే వేగం పడిపోయి, మెత్తగా ఉన్న చోట కోలుకుంటుంటే బెల్ట్ జారుతోందన్నమాట. పాట చివరికి వచ్చేకొద్దీ నిలకడగా నెమ్మదిస్తుంటే స్ప్రింగ్ బలహీనపడిందో, పాత గ్రీజు గట్టిపడిందో చూడాలి. పెట్టెలోంచి ఉన్నట్టుండి 'ధబ్' మని చప్పుడు వచ్చి యంత్రం ఒక్కసారి అదిరితే, గ్రీజు ఆరిపోయి అంటుకుపోయిన స్ప్రింగ్ చుట్లు ఒక్కుదుటున విడిపోతున్నాయి. గొంతు గబగబా సన్నగా వణుకుతుంటే మోటారు వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ బరువులనో, వాటి సన్నటి స్ప్రింగులనో అనుమానించండి. పాట సరైన వేగంతోనే సాగుతూ ఒకే చోట మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే అది ఫీడ్ స్క్రూ, దాని మరల్లో కూర్చునే హాఫ్ నట్‌ల వ్యవహారం, బెల్ట్‌కు సంబంధం లేదు.

ఇంకో తేలికైన పరీక్ష ఉంది. సిలిండర్ తీసేసి, రీప్రొడ్యూసర్ పైకెత్తి, యంత్రాన్ని తిరగనివ్వండి. మాండ్రెల్ అంచును వేలితో సుతారంగా తాకండి. అంతమాత్రానికే మాండ్రెల్ ఆగిపోయి, కింద మోటారు మాత్రం నిశ్చింతగా తిరుగుతూనే ఉంటే బెల్ట్‌లో పట్టు లేదు. మాండ్రెల్‌తో పాటు మోటారు కూడా బరువుగా నెమ్మదిస్తే బెల్ట్ తన పని తాను చేస్తున్నట్టే, లోపం కిందెక్కడో ఉంది. ఈ పరీక్ష చేయకుండా బెల్ట్ మార్చడమంటే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.

ప్రస్తుతానికి రబ్బర్ బ్యాండ్ వేసుకోవచ్చా?

మోటారు తిరుగుతుందో లేదో చూడటానికి ఐదు నిమిషాల పాటు వేయండి, తర్వాత తీసేయండి. రబ్బరు సాగుతుంది. సాగేది ఏదైనా లాగుతూ, వదులుతూ ఉంటుంది కాబట్టి వేగం ఊగుతుంది. వేసి మరిచిపోతే అది కుళ్లి, జిగటగా మారి పుల్లీకి అతుక్కుపోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేసిన ఒక పుల్లీని శుభ్రం చేయడానికి నాకు పట్టిన సమయంలో రెండు తోలు బెల్టులు చేసి ఉండేవాణ్ణి.

గుండ్రటి కోత ఉన్న రబ్బరు రింగులు కూడా పనికిరావు. ఇవి చదునైన బెల్ట్ కోసం చేసిన పుల్లీలు, అలాంటి రింగు వాటి మీద నిలవదు.

ఎలాంటి తోలు తీసుకోవాలి?

పలచగా, మెత్తగా, ముఖ్యంగా ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకే మందంతో ఉండాలి. దూడ తోలు గానీ మేక తోలు గానీ సరిపోతుంది. చెట్టు బెరడుతో ఊనిన తోలైతే చెక్కడానికి వీలుగా ఉంటుంది, జిగురును బాగా పట్టుకుంటుంది. ఒక మిల్లీమీటరుకు అటూఇటూ మందం చాలు. మందంగా ఉంటే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. మందమైన తోలు చిన్న మోటారు పుల్లీ చుట్టూ వంగడానికే సగం బలం తినేస్తుంది.

జంతువు పొట్ట భాగం నుంచి వచ్చిన తోలు ఎక్కువగా సాగుతుంది, వీపు భాగం తక్కువ సాగుతుంది. ముక్కను రెండు చేతులా పట్టుకుని రెండు దిక్కుల్లోనూ లాగి చూడండి. తక్కువ సాగే దిక్కును పొడవుగా పెట్టి కోయండి. రంగు వేసి, పైన ప్లాస్టిక్ పూత పూసిన ఫ్యాషన్ తోలు జోలికి వెళ్లొద్దు. ఆ పూత జారుతుంది, జిగురు దాన్ని పట్టదు.

వెడల్పు ఎంత అంటే, పుల్లీ ముఖం కన్నా కొంచెం తక్కువ. పుల్లీ అంచులకు తోలు రాసుకోకూడదు.

పని మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

మొదట సిలిండర్ తీసి పక్కన పెట్టండి. రెండు వేళ్లు లోపల పెట్టి విచ్చుకునేలా పట్టుకోవాలి, మైనం మీద చేయి పడకూడదు. తర్వాత రీప్రొడ్యూసర్‌ను కూడా తీసి భద్రపరచండి. చేతిలో స్క్రూడ్రైవర్ జారినప్పుడు అది సరిగ్గా సూది మీదే పడుతుంది, ఎందుకో గానీ.

తర్వాత స్ప్రింగ్‌ను పూర్తిగా ఖాళీ చేయాలి. బెల్ట్ తెగిపోయినా గవర్నర్ తన పని తాను చేస్తుంది, కాబట్టి బ్రేకు వదిలి మోటారు దానంతట అది ఆగేదాకా తిరగనివ్వండి. ఈ లోపు గవర్నర్‌ను ముట్టుకోకండి. కీ ఇచ్చి ఉన్న మోటారులోంచి గవర్నర్‌ను విప్పితే గేర్లు అదుపు తప్పి తిరిగి పళ్లు ఊడిపోతాయి, వేళ్లకూ ప్రమాదమే. స్ప్రింగ్ ఉన్న డబ్బాను బెల్ట్ పని కోసం తెరవాల్సిన అవసరమే లేదు, తెరవొద్దు.

పాత బెల్ట్ ఇంకా ఉంటే, అది ఏ దారిన వెళ్లిందో, మెలిక ఉందో లేదో ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. మాండ్రెల్ ఏ వైపు తిరుగుతుందో కూడా రాసి పెట్టుకోండి. అతుకు పెట్టేటప్పుడు అవసరపడుతుంది.

పుల్లీలను గుడ్డతో తుడవాలి. పాత నూనె, రబ్బరు మరకలు ఉంటే లైటర్లలో పోసే ఇంధనంతో తడిపిన గుడ్డ చాలు, నిప్పుకు దూరంగా ఉండండి. ఆల్కహాల్ వాడొద్దు. బెడ్‌ప్లేట్ మీద ఉన్న బంగారు గీతలకూ అక్షరాలకూ ఒక్క చుక్క తగిలినా వందేళ్ల అలంకారం గుడ్డకు అంటుకొస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

పాత బెల్ట్ లేదు. పొడవు ఎలా కొలవాలి?

సాగని దారంతో గానీ, సన్నగా కోసిన కాగితం పట్టీతో గానీ కొలవండి. బెల్ట్ వెళ్లే దారి వెంటే రెండు పుల్లీల చుట్టూ తిప్పి, కలిసిన చోట గుర్తు పెట్టండి. నాకు కాగితం పట్టీయే ఇష్టం, అది బెల్ట్‌లాగే చదునుగా కూర్చుంటుంది.

కొన్ని యంత్రాల్లో బెల్ట్‌ను బిగువుగా ఉంచే చిన్న చక్రం ఒకటి స్ప్రింగ్ ఆధారంతో ఉంటుంది. అలాంటిది ఉంటే, దాని కదలికకు మధ్యలో నిలిపి కొలవాలి. ఒక చివర నిలిపి కొలిస్తే తోలు కాస్త సాగగానే ఆ చక్రానికి పని ఉండదు.

ఉదాహరణకు చుట్టుకొలత 380 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అతుకు కోసం 18 కలిపితే 398. ఇంకో 20 ఎక్కువ వేసుకుని కోయండి. కోసిన పట్టీని ఒక కొసన క్లిప్పుతో వేలాడదీసి, రెండో కొసకు తేలికపాటి బరువు కట్టి రాత్రంతా వదిలేయండి. మొదటి వారంలో సాగాల్సిన తోలు ఈ ఒక్క రాత్రిలోనే సాగిపోతుంది. కచ్చితమైన కొలతకు ఆ తర్వాతే కోయండి.

పట్టీ కోయడానికి ఇనుప స్కేలు, కొత్త బ్లేడు కావాలి. కత్తెర వద్దు. కత్తెరతో కోసిన అంచు కనిపించీ కనిపించకుండా వంకర పోతుంది, ఆ వంకర తర్వాత పుల్లీ మీద బయటపడుతుంది.

అతుకు అంత ముఖ్యమా? రెండు కొసలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంటిస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మోటారు పుల్లీ వ్యాసార్థం 10 మిల్లీమీటర్లు, తోలు మందం 1 మిల్లీమీటరు అనుకోండి. బెల్ట్ వేగాన్ని నిర్ణయించేది తోలు మధ్య పొర కాబట్టి అసలు లెక్కకు వచ్చే వ్యాసార్థం 10.5. ఇప్పుడు అతుకు దగ్గర మందం 1.4 అయిందనుకోండి. ఆ ముక్క మోటారు పుల్లీ మీదికి వచ్చినప్పుడు వ్యాసార్థం 10.7 అవుతుంది. అంటే ఆ క్షణంలో మాండ్రెల్ దాదాపు 2 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతుంది. సంగీతంలో ఒక అర స్వరానికి తేడా సుమారు 6 శాతం. అందులో మూడో వంతు చొప్పున శృతి ప్రతి చుట్టులోనూ లేచి పడుతుందన్నమాట. వయొలిన్ సాగదీసి వాయించే చోట సంగీతం రాని చెవికి కూడా ఇది తెలిసిపోతుంది. ఇక రెండు పొరలు యథాతథంగా ఒకదాని మీద ఒకటి అంటిస్తే మందం 2 మిల్లీమీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

అందుకని రెండు కొసలనూ ఏటవాలుగా చెక్కాలి. ఒక కొసను నున్నటి వైపు నుంచి, రెండోదాన్ని గరుకు వైపు నుంచి, 15 నుంచి 20 మిల్లీమీటర్ల మేర, చివరికి వచ్చేసరికి కాగితమంత పలచనయ్యేలా చెక్కండి. గాజు పలక మీద తోలు పెట్టి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి, మీకు అవతలి దిక్కుగా పలుచటి పొరలు తీయాలి. ఒకేసారి తెగకోయాలని చూస్తే కొస తెగి చేతికొస్తుంది. చివరి మెరుగులు చిన్న చెక్కకు అంటించిన ఉప్పు కాగితంతో దిద్దండి. మొదటి ప్రయత్నం పాడవుతుందని ముందే అనుకుని, మిగిలిన తోలు మీద రెండు మూడు కొసలు చెక్కి చూసుకోండి.

జిగురు వేయక ముందే రెండు కొసలు కలిపి పట్టుకుని, కళ్లు మూసుకుని వేళ్ల మధ్య లాగండి. అతుకు ఎక్కడుందో వేళ్లకు తెలియకూడదు. తెలిస్తే ఇంకాస్త చెక్కాలి.

కుట్టడం, పిన్ను కొట్టడం గురించి కూడా అడుగుతుంటారు. దారం ముడి ఒక గడ్డ, పిన్ను ఇంకో గడ్డ. పైగా పిన్ను పుల్లీని గీరుతుంది.

ఏ జిగురు వాడాలి?

ఆరిన తర్వాత కూడా వంగే జిగురు. చెప్పుల పనిలో వాడే రబ్బరు ఆధారిత కాంటాక్ట్ జిగురు దీనికి చక్కగా సరిపోతుంది. చెక్కిన రెండు ముఖాలకూ పలచగా రాసి, చేతికి అంటనంతవరకు ఆరనిచ్చి, తిన్నగా జోడించి గట్టిగా నొక్కాలి. జోడించాక సరిదిద్దుకోవడం కుదరదు, కాబట్టి ఒక స్కేలు అంచుకు ఆనించి వరుస చూసుకున్నాకే జోడించండి. అంచు వెంట బయటికి వచ్చిన జిగురును వేలితో ఉండలా దొర్లించి తీసేయండి.

క్షణంలో పట్టేసే సూపర్ గ్లూ వద్దు. నా మొదటి బెల్ట్ దానితోనే అంటించాను. అతుకు గాజు పలుకులా గట్టిపడింది, చిన్న పుల్లీ దాటిన ప్రతిసారీ 'టక్' మంది, రెండో రోజు సాయంత్రానికి విరిగింది. తెగలేదు, విరిగింది.

తోలులో ఏ వైపు పుల్లీకి ఆనాలి? అతుకు ఏ దిక్కుకు ఉండాలి?

చదునైన తోలు బెల్టుల విషయంలో పాత పారిశ్రామిక పద్ధతి నున్నటి వైపును పుల్లీకి ఆనించడం. నున్నటి ముఖం పుల్లీని ఎక్కువ మేర తాకుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. గరుకు వైపును లోపలికి వేసి సంతోషంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఇంత తేలిక భారానికి రెండూ నడుస్తాయి. నేను నున్నటి వైపే లోపలికి వేస్తాను.

అతుకు బయటి కొస బెల్ట్ నడిచే దిక్కుకు వెనకవైపు చూస్తుండాలి. బయటి నుంచి ఆనే బిగువు చక్రం ఉన్న యంత్రాల్లో ఇది ముఖ్యం. ఎదురుగా ఉంటే ఆ చక్రం ప్రతి చుట్టులోనూ కొసను లేపే ప్రయత్నం చేస్తుంది.

బెల్ట్ వేయడానికి మాండ్రెల్ షాఫ్ట్‌ను విప్పాలా?

యంత్రాన్ని బట్టి ఉంటుంది. ముందే అంటించిన బెల్ట్‌ను షాఫ్ట్ కొస మీదుగా దూర్చే వీలుంటే అలాగే చేయండి, బల్ల మీద పెట్టిన అతుకు ఎప్పుడూ బాగా వస్తుంది. అందుకు షాఫ్ట్ బేరింగులు కదిలించాల్సి వస్తుందనిపిస్తే వద్దు. తెరిచి ఉన్న పట్టీని దారిలోంచి పోనిచ్చి, పైన అందుబాటుగా ఉన్న చోట అతుకు పెట్టండి. కొసలు చెక్కడం మాత్రం ముందే బల్ల మీద ముగించుకోవాలి. జోడించేటప్పుడు కింద ఒక పలచటి చెక్క ముక్క పెడితే నొక్కడానికి ఆధారం దొరుకుతుంది. జిగురు బెడ్‌ప్లేట్ మీద పడకుండా చుట్టూ కాగితం పరచండి.

ఎంత బిగువు ఉండాలి?

మీరు అనుకున్న దానికన్నా తక్కువ. చేతితో మీటితే వీణ తీగలా మోగే బెల్ట్ బేరింగుల మీద బరువు మోపుతుంది. స్ప్రింగ్ బలం రాపిడికే పోయి, యంత్రం పాట పూర్తికాకముందే చతికిలపడుతుంది. అప్పుడు స్ప్రింగ్ మీద అనుమానం వస్తుంది, దాన్ని విప్పాలనిపిస్తుంది. ఈ దారిలో నేనూ కొంత దూరం నడిచాను.

బిగ్గరగా ఉన్న పాట మీద జారకుండా ఉండేంత బిగువు చాలు, అంతకు మించి ఒక్క పిసరు వద్దు.

వేగం సరిగ్గా ఉందని ఎలా సరిచూసుకోవాలి?

1902 తర్వాతి, అచ్చులో పోసి చేసిన సిలిండర్లకు నిమిషానికి 160 చుట్లు. అంతకు ముందరి గోధుమ రంగు మైనపు సిలిండర్లు చాలావరకు ఇంతకన్నా నెమ్మదిగా రికార్డు చేసినవి, వాటికి చెవే కొలత.

చిన్న కాగితం ముక్కను సిలిండర్ అంచు కింద దూర్చి, బయటికి కనిపించేలా ఉంచండి. అది ఎన్నిసార్లు పైకి వచ్చిందో 30 సెకన్ల పాటు లెక్కపెట్టండి. 80 రావాలి. రీప్రొడ్యూసర్ సిలిండర్ మీద ఆనించి, పాట మోగుతుండగానే లెక్కించాలి. ఖాళీగా తిరిగేటప్పుడు 160 ఉండి, సూది ఆనగానే 150కి పడిపోతే బెల్ట్ ఇంకా జారుతోంది. కొత్త బెల్ట్ మందం పాతదానికి భిన్నంగా ఉంటుంది కాబట్టి వేగం స్క్రూను కాస్త తిప్పి సరిచేయాల్సి రావడం మామూలే.

కొత్త బెల్ట్ వేశాను, ఇంకా గొంతు ఊగుతోంది. ఎందుకు?

ఊగు ఎంతసేపటికి ఒకసారి వస్తోందో లెక్కపెట్టండి. నాకు తెలిసి ఇంతకన్నా మంచి పరికరం లేదు, ఖర్చూ లేదు.

160 చుట్లంటే 3 సెకన్లకు 8 చుట్లు. ఊగు కూడా అంత గబగబా వస్తుంటే, ప్రతి చుట్టుకూ ఒకసారి వస్తోందన్నమాట. అప్పుడు లోపం సిలిండర్ గుండ్రంగా లేకపోవడమో, మాండ్రెల్ వంగడమో. వేరే సిలిండర్ పెట్టి చూస్తే తేలిపోతుంది.

బెల్ట్ అతుకు ఇంతకన్నా నిదానంగా వస్తుంది. మాండ్రెల్ పుల్లీ వ్యాసం 40 మిల్లీమీటర్లైతే చుట్టుకొలత సుమారు 126. బెల్ట్ పొడవు 380 అయితే, మాండ్రెల్ మూడు సార్లు తిరిగేసరికి బెల్ట్ ఒక్కసారి తిరుగుతుంది, అంటే నిమిషానికి 53 సార్లు. మీ కొలతలతో ఈ లెక్క వేసుకోండి. అతుకు మీద సుద్దతో చిన్న గీత గీసి, గీత కనిపించినప్పుడే గొంతు ఊగుతోందేమో గమనించండి. రెండూ కలిస్తే అతుకు మళ్లీ పెట్టాలి, దాటేయడానికి వీల్లేదు.

ఏ లెక్కకూ అందకుండా ఊగుతుంటే గవర్నర్‌ను చూడండి. దాని పళ్లేనికి ఆనే తోలు మెత్త ఎండి గట్టిపడి ఉంటుంది. ఒక చుక్క పలుచటి మెషీన్ ఆయిల్‌తోనే కొన్నిసార్లు దారికొస్తుంది.

బెల్ట్ పక్కకు జరిగి పడిపోతోంది.

ఉబ్బెత్తు ముఖం ఉన్న పుల్లీ మీద చదునైన బెల్ట్ దానంతట అదే మధ్యకు, అంటే ఎత్తైన చోటికి చేరుకుంటుంది. అలా చేరడం లేదంటే పట్టీ వంకరగా కోసి ఉండాలి, లేదా అతుకు కోణం తప్పి ఉండాలి. బెల్ట్‌ను తీసి బల్ల మీద అంచు ఆనేలా నిలబెట్టి చూడండి, ఎక్కడ లేస్తే అక్కడే తప్పు. ఆమధ్య మోటారును కిందికి దించి ఉంటే, మరలు సమంగా బిగించారో లేదో కూడా చూడాలి.

జారకుండా రోజిన్ (వయొలిన్ విల్లుకు రాసే చెట్టు బంక) పొడి చల్లొచ్చా?

చిటికెడు చల్లితే ఆ రోజుకు పనిచేస్తుంది. తర్వాత అదే పొడి వేడికీ రాపిడికీ కరిగి పుల్లీ మీద గాజులా పేరుకుంటుంది, అప్పుడు మునుపటికన్నా ఎక్కువ జారుతుంది. బెల్ట్ శుభ్రంగా, పుల్లీ శుభ్రంగా ఉంటే రోజిన్ అక్కర్లేదు. చాలామంది జారుడుకు అసలు కారణం మాండ్రెల్ బేరింగుకు పోసిన నూనె. ఒక్క చుక్క చాలిన చోట నాలుగు పోస్తే మిగతా మూడూ బెల్ట్ మీదికే చేరతాయి.

నా యంత్రంలో రెండు నిమిషాలకూ నాలుగు నిమిషాలకూ మార్చే మీట ఉంది. బెల్ట్ వేరుగా ఉంటుందా?

బెల్ట్ అదే. 1908లో నాలుగు నిమిషాల ఆంబెరోల్ సిలిండర్లు వచ్చాయి, వాటికి అంగుళానికి 200 గాళ్లు. పాత రెండు నిమిషాల వాటికి 100. మాండ్రెల్ వేగం రెండింటికీ ఒకటే, ఫీడ్ స్క్రూ వేగం మాత్రం సగం కావాలి. ఆ పని చేసే చిన్న గేర్లు పుల్లీ దగ్గరే ఉంటాయి. వాటికి వేసే నూనె విషయంలో జాగ్రత్త. ఆ గేర్లు ఆరిపోయి బిగిస్తే బెల్ట్ జారినట్టే వినిపిస్తుంది. రెండు స్థానాల్లోనూ చేత్తో తిప్పి చూశాకే బెల్ట్ వేయండి.

బెల్ట్ వేశాక మొదట ఏ సిలిండర్ పెట్టి చూడాలి?

పోతే బాధ కలగనిది. వీలైతే నీలం రంగు సెల్యులాయిడ్ సిలిండర్ మంచిది, మైనంలా పెళుసుగా విరగదు. అయితే అది నాలుగు నిమిషాల రకం, మీ యంత్రంలో ఆ గేరూ తగిన రీప్రొడ్యూసరూ ఉంటేనే. వజ్రపు సూదిని మాత్రం మైనపు సిలిండర్ మీద ఎప్పుడూ ఆనించకండి, గాడిని చెక్కేస్తుంది.

తీసేసిన పాత బెల్ట్‌ను ఏం చేయాలి?

కవరులో పెట్టి, తేదీ రాసి, యంత్రం పెట్టెలోనే ఒక మూల ఉంచండి. తర్వాత ఈ యంత్రం ఎవరి చేతికి వెళ్లినా వెడల్పు, మందం, పాతకాలం అతుకు పద్ధతి చూడటానికి పనికొస్తుంది.

కొత్త బెల్ట్ ఎన్నాళ్లు ఉంటుంది?

నూనె తగలకుండా ఉంటే ఏళ్ల తరబడి. గాలిలో తేమ పెరిగితే తోలు కాస్త సాగుతుంది, పొడి రోజుల్లో బిగుస్తుంది, దానికి కంగారు పడి మళ్లీ కోయొద్దు. నెలల తరబడి యంత్రాన్ని వాడనప్పుడు, వీలున్న మోడల్ అయితే బెల్ట్‌ను ఒక పుల్లీ మీంచి జార్చి వదులుగా ఉంచండి. అలా ఉంచినట్టు ఒక చీటీ రాసి హ్యాండిల్‌కు కట్టండి, లేకపోతే తర్వాత కీ ఇచ్చినవాళ్లు మోటారు తిరుగుతున్నా మాండ్రెల్ కదలడం లేదేమని యంత్రమంతా విప్పుతారు.